తవిటమ్మత్త గాజులు, పాత కారు బ్రేకు

మా తవిటమ్మత్త కారు బ్రేకు తొక్కితే ఆమె చేతి గాజులు మోగేవి. కుడిచేతికి ఆరు, ఎడమచేతికి ఆరు, ఎర్రటి మట్టిగాజులు. అరవై మీద పోతూ బ్రేకు మీద కాలు వేసిందంటే స్టీరింగు గడగడా వణికి, పన్నెండు గాజులూ పెళ్లి మేళం ఎత్తుకునేవి. ఒకసారైతే వెనక థర్మాకోల్ పెట్టెలో మంచు మీద పడుకున్న వంజరం ఆ కుదుపుకి లేచి కూర్చుని, "ఏటి, మధురవాడ వొచ్చీసిందా?" అని అడిగింది. మా జాలరిపేటలో ఈ మాట ఎవరూ నమ్మరు. నమ్మకపోతే పోనీండి. సాక్ష్యం చెప్పడానికి ఆ వంజరం లేదు, ఆ రోజే ఎవరింట్లోనో పులుసైపోయింది.

తవిటమ్మత్త అంటే మా నాన్నకు స్వయానా చెల్లెలు. ఇరవై ఏళ్లు నెత్తిన తట్ట పెట్టుకుని చేపలమ్మింది. తర్వాత పదేళ్లు వాళ్ల బావగారు అర్జునరావు ఆటోలో, మిగతా ఆడవాళ్ల తట్టల మధ్య ఇరుక్కుని మార్కెట్టుకు వెళ్లింది. నలభై ఏడో ఏట డ్రైవింగు నేర్చుకుంది. లైసెన్సు పరీక్షలో అధికారి, "రివర్సు వచ్చా అమ్మా?" అని అడిగితే, "ఎనక్కెల్లే పని నాకు లేదు బాబూ. నువ్వడిగినావు కాబట్టి సేసి సూపిత్తాను" అని, కారును వెనక్కి తీసుకెళ్లి ఆయన కుర్చీకి బెత్తెడు దూరంలో ఆపింది. ఆయన కుర్చీలోంచి లేచి సంతకం పెట్టాడంటారు. నేనక్కడే ఉన్నాను. కుర్చీ ఎక్కి పెట్టాడు.

తర్వాత ఒక పాత తెల్లకారు కొంది. వెనక సీటు పీకించి నాలుగు థర్మాకోల్ పెట్టెలు పెట్టించింది. తెల్లారి పడవలు రాగానే చేపలు నింపుకుని, బీచ్ రోడ్డు మీదుగా మధురవాడ అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గరకు వెళ్లి, మధ్యాహ్నానికి ఖాళీ పెట్టెలతో తిరిగొచ్చేది. మా మావయ్య వీర్రాజు పడవ ఇంజను మనిషి. రోజుకు నాలుగు మాటలు మాట్లాడతాడు, అందులో మూడు "ఊఁ". కాబట్టి ఆమెకు మాట సాయానికీ పెట్టెలు దించడానికీ నేను వెళ్లేవాణ్ని. దువ్వాడలో మెకానికల్ డిప్లొమా చదువుతుంటే మూడో సెమిస్టరులో కాలేజీ నన్ను వదులుకుంది. వాళ్ల నష్టం, మా అత్త లాభం.

అయితే ఆ వణుకు మొదలైనప్పుడు ముందు చెయ్యి పెట్టింది నేనే అని ఒప్పుకోవాలి. "టైర్ల బ్యాలెన్సు పోయిందత్తా, ఇందులో తెలుసుకోడానికేటుంది" అని తేల్చేశాను. బ్యాలెన్సు చేయించాం. వణుకు అలాగే ఉంది. ఊళ్లో ఒక పెద్ద గ్యారేజీకి తీసుకెళ్లాం, ఏసీ గది, కాఫీ మిషను ఉన్నది. ముందు చక్రాల డిస్కులు, అంటే బ్రేకు పట్టి ఆపే ఇనప పళ్లేలు, రెండూ మార్చారు. రెండు నెలలు బ్రేకు వెన్నలా పడింది, మూడో నెలలో గాజులు మళ్లీ మోగాయి. మళ్లీ వెళ్లాం, మళ్లీ కొత్త డిస్కులు వేశారు, మళ్లీ రెండు నెలలే. మూడోసారి వెళ్తే టై కట్టుకున్న కుర్రాడు కంప్యూటర్లోకి చూస్తూ, "మీ డ్రైవింగ్ స్టైల్ మేడమ్. మీరు బ్రేకు ఎక్కువ తొక్కుతున్నారు" అన్నాడు.

"బ్రేకు తొక్కక మరేటి తొక్కమంటావ్ బాబూ? నిన్నా?" అంది అత్త.

ఆ రోజు మాకు కాఫీ ఇవ్వలేదు.

ఈ సంగతి ఒడ్డున తెలిసిపోయింది. తెలియక చస్తుందా, కారు వస్తుంటే మేళం ముందే వినిపిస్తుంటే! అత్త కారు కొన్నాక నాగమణి, ఇంకో ముగ్గురు ఆడవాళ్లు తమ చేపలు కూడా ఆమెకే ఇచ్చి పంపడం మొదలుపెట్టారు. అర్జునరావు మావ ఆటో సగం ఖాళీగా తిరుగుతోంది. ఆయన చాలా రోజులుగా ఇలాంటి సందు కోసమే చూస్తున్నాడు. ఒక పొద్దున వలలు దులుపుతున్న జనం మధ్య నిలబడి గొంతెత్తాడు.

"రెండు సార్లు సామాన్లు మార్సినా ఒణుకు పోలేదంటే ఏటర్థం? గంగమ్మకి కోపమొచ్చింది. ఆడది సక్రం పట్టుకుని ఊరేగితే ఆ తల్లి ఊరుకుంటాదేటి? ఆ తాళం నాకిచ్చీ తవిటీ. మావోడు తోలుకుంటాడు. రేపెక్కడైనా గుద్దీసినావంటే పేట పరువు పోద్ది."

అత్త చేతిలో పెట్టె ఉంది. దాన్ని కింద పెట్టి, తీరిగ్గా కొంగు దోపుకుంది.

"బావా, మరి తొమ్మిది రోజుల్లో అమాస. ఆ రోజు నా పక్క సీటులో కూకో. రుషికొండ దిగుడులో ఎనబై మీద బ్రేకు తొక్కుతాను. నా గాజు ఒక్కటి మోగినా తాళం నీ సేతిలో ఎట్టీసి, మళ్లీ తట్ట నెత్తినెత్తుకుంటాను. పేటంతా సాచ్చికం."

"మోగకపోతే?"

"నువ్వు నోరు మూసుకుంటావ్. అదే సాలు నాకు."

జనం నవ్వారు. మావయ్య వీర్రాజు ఆ రోజుకు మిగిలిన నాలుగో మాట వాడేశాడు. "గాజులు తీసీసి తోలితే పోద్ది కదేటి?"

"నువ్వు బతికుండగా నా గాజులు నానెందుకు తీత్తాను?" అని కసిరింది. ఆయన మళ్లీ "ఊఁ"లోకి వెళ్లిపోయాడు.

కారెక్కాక నాతో, "ఒరే తాతబాబూ, నీకు తెలిసిన సదువుకోనోడు ఎవడైనా ఉంటే సెప్పు. సదువుకున్నోళ్లని సూసీసినాను" అంది. అందులో నన్ను ఏ లెక్కన వేసిందో నేను అడగలేదు.

కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన రేకుల షెడ్డు జలీల్ భాయ్‌ది. మనిషి మా ఊరి పాతబస్తీవాడే, అరవై దాటాయి. నలభై ఏళ్లుగా బ్రేకులు తప్ప ఇంకేమీ ముట్టుకోడు. క్లచ్చు పని తీసుకొస్తే, "బ్రేకు బాగుంటే క్లచ్చు సంగతి నెమ్మదిగా సూసుకోవచ్చు, ఎల్లు" అని పంపేస్తాడు. మేం వెళ్లేసరికి బోల్టొకటి కిరసనాయిల్లో కడుగుతున్నాడు. నేను ముందుకెళ్లి జరిగిందంతా చెప్పి, నా అభిప్రాయం కూడా జోడించాను.

"బ్యాలెన్సు నువ్వు సెప్పినావా?" అన్నాడు.

"అవును భాయ్."

"ఎనబైలో బ్రేకు తొక్కకుండా పోతే ఒణుకుతాదా?"

"లేదు."

"మరి బ్యాలెన్సు ఎలాగయ్యిందిరా? బ్యాలెన్సు పోతే స్పీడుకి ఒణుకుతాది, బ్రేకుకి కాదు. బండి తియ్ సెల్లెమ్మా, నువ్వే తోలు."

ఆయన పక్కన కూర్చున్నాడు, నేను వెనక పెట్టె మీద. హైవే మీద ఖాళీ చూసి అత్త బ్రేకు తొక్కింది, మేళం మోగింది. "బస్. ఇప్పుడు పెడలు ముట్టుకోకు" అని ఈసారి ఆయనే హ్యాండు బ్రేకు నెమ్మదిగా పైకి లాగాడు. కారు నెమ్మదించింది. గాజులు కదల్లేదు.

"సూసినావా? హ్యాండు బ్రేకు ఎనక సక్రాలకి. అవి మంచిగున్నాయి. దొంగ ముందరున్నాడు."

షెడ్డుకొచ్చి జాకీ ఎత్తి ముందు చక్రం విప్పాడు. డిస్కును రెండు నట్లతో బిగించి, దాని అంచుకు గడియారంలాంటి గేజీ ఒకటి ఆనించి, చేత్తో నెమ్మదిగా తిప్పాడు. డిస్కు సమంగా తిరుగుతుంటే సూది కదలదు. ఇది కదులుతోంది. ఇంతలో దూరంగా రైలు కూత వినపడింది. జలీల్ భాయ్ చేతులు తీసేసి బీడీ వెలిగించాడు.

"ఏటి బాయ్, ఆపీసినావ్?" అంది అత్త.

"గూడ్సు వొత్తంది. నేల అదురుతాది, సూది అబద్దం సెప్పుద్ది."

యాభై తొమ్మిది బొగ్గు పెట్టెలు పోయాయి. నేను లెక్కపెట్టాను. జలీల్ భాయ్ అరవై అన్నాడు, ఇప్పటికీ ఆ తగువు తేలలేదు. రైలు పోయాక మళ్లీ మొదలెట్టాడు. సూది ఎక్కువగా పొంగే చోట సుద్దముక్కతో డిస్కు మీదొక గీత, దాని వెనకున్న హబ్బు మీదొక గీత గీశాడు. హబ్బు అంటే డిస్కూ చక్రమూ రెండూ ఆనుకుని తిరిగే ఇనప పీట. అప్పుడు డిస్కును ఊడదీసి, ఒక బోల్టు మేర పక్కకు తిప్పి పెట్టి మళ్లీ బిగించి తిప్పాడు. డిస్కు మీది గీత పక్కకు జరిగింది. పొంగు మాత్రం హబ్బు గీత దగ్గరే ఉంది.

"ఇదిగో" అన్నాడు. "వొంకర డిస్కులోదైతే డిస్కుతో పాటు జరిగేది. జరగలేదు. డిస్కులు మార్సి ఏటి లాబం, పీటే వొంకరగుంటే? ఎంత మంచి డిస్కు దాని మీదేసినా..." అని మాట ఆపి, హబ్బు మొహాన్ని గోటితో గీకాడు. ఎర్రటి తుప్పు పెచ్చు లేచింది. దాన్ని వెలుతురులో తిప్పి చూసి, నాలుక మీద పెట్టుకున్నాడు.

నేను చాలామంది మెకానిక్కులను చూశాను. వాసన చూసేవాళ్లుంటారు, చెవి పెట్టి వినేవాళ్లుంటారు. తుప్పును రుచి చూసినవాణ్ని అదే మొదటిసారి చూడటం.

"ఉప్పు" అని ఉమ్మేశాడు. "సెల్లెమ్మా, ఈ బండి సముద్రంలో మునిగిందా?"

అత్త మొహం వెలిగిపోయింది. "మునగడమేటి బాయ్, మునకలేయించినాను! అమాసకి పడవలకి సముద్రపు నీళ్లు పోసి పసుపు రాత్తాం కదా. ఇదీ నా పడవే. అమాసమాసకీ, మద్దేనం మధురవాడ నుంచి రాగానే, ముందు రెండు సక్రాల మీద సెరో బిందె గంగమ్మ నీళ్లు పోత్తాను. కొత్త డిస్కులు ఏయించినప్పుడు మరీ ముక్యం. గ్యారేజీ నుంచి తిన్నగా ఒడ్డుకే తీసుకెల్లి, దిష్టి పోవాలని నాలుగేసి బిందెలు పోసినాను."

జలీల్ భాయ్ బీడీ కింద పడేశాడు.

"దిగుడులో బ్రేకులు తొక్కుకుంటూ వొచ్చి, అట్టే పోసీసినావా? కాలిపోతున్న డిస్కు మీద?"

"మరి ఏడి తగ్గద్దా?"

నాకప్పుడు గుర్తొచ్చింది, ఆ నీళ్లు పడగానే చక్రాల్లోంచి సుయ్యిమని ఆవిరి లేచేది. గంగమ్మ పలికిందని మేమంతా దణ్ణం పెట్టుకునేవాళ్లం.

"ఇంక పొయ్యకు" అన్నాడు జలీల్ భాయ్. "ఆ నీళ్లే నీ బండిని తినీసినాయి."

అత్త లేచి నిలబడింది. "నోరు జాగర్త బాయ్. మా మొగోళ్లు ఆ నీళ్ల మీద బతికొత్తన్నారు. గంగమ్మ నీళ్లు నా బండిని తింటాయా? మా బావా అదే అంటాడు, గంగమ్మకి కోపమని. నువ్వూ అదే పాట అందుకున్నావ్. పదరా తాతబాబూ, సక్రం ఎక్కించమను."

"ఎక్కిత్తాను. మీయాయన ఏం పని సేత్తాడు?"

"పడవ ఇంజను."

"నడిసి నడిసి ఎర్రగా కాలిన ఇంజను మీద ఆయన సెంబుడు సముద్రపు నీళ్లు పోత్తాడేటి?"

అత్త ఎదురుగా ఉన్న టీ కొట్టుకు వెళ్లి, గాజు గ్లాసుతో టీ తాగుతూ పట్టాల వైపు చూస్తూ కూర్చుంది. అటు ఇంకో గూడ్సు వెళ్లింది. ఆమె ఒక్క టీ అంతసేపు తాగడం నా జన్మలో చూడలేదు. నాకు భయమేసి బజ్జీలు తినడం కూడా ఆపేశాను. చివరికి గ్లాసు పెట్టేసి తిరిగొచ్చింది.

"ఇంజను పగిలిపోద్ది" అంది. "మాయాయన ముందు సల్లారనిత్తాడు. ఆనక మంచినీళ్లతో కడుగుతాడు. బాయ్, సూటిగా సెప్పు. తప్పు నీళ్లదా, నాదా?"

"నీళ్లది కాదు. ఏడి మీద పొయ్యడం ఒక తప్పు. పోసిన ఉప్పు కడక్కుండా ఒదిలీడం ఇంకో తప్పు. ఆ గ్యారేజీవోడు తుప్పు గీకకుండా దాని మీదే కొత్త డిస్కు బిగించినాడు, అది ఆడి తప్పు. ఎంట్రుకంత వొంకర సాలు, తిరిగి తిరిగి రెండు నెలల్లో డిస్కు ఒకసోట పలసన, ఒకసోట మందం అయిపోద్ది. బ్రేకు దాన్ని పట్టుకున్నప్పుడల్లా నీ సేతికి తన్నుద్ది."

"అయితే మొక్కు మాననక్కర్లేదు."

"మొక్కు నీది. డిస్కు నాది. రెండూ కలపకు."

అక్కడితో వాళ్లిద్దరికీ కుదిరింది. హబ్బు రెండింటినీ తీగ బ్రష్షుతో, గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్దాడు. ఎడమ చక్రం బ్రేకులో జారాల్సిన పిన్ను ఒకటి ఎండిపోయి పట్టేసి ఉంటే తీసి శుభ్రం చేసి గ్రీజు పెట్టాడు. డిస్కులు ఇంకా సన్నబడే హద్దు దాటలేదని కొలిచి చూసి, పాతబస్తీలో ఇనుము చెక్కే లేతు మిషను ఉన్న తన తమ్ముడు హసన్ దగ్గర పలచగా చెక్కించుకొచ్చాడు. మళ్లీ బిగించి గేజీ పెట్టి తిప్పితే సూది నిద్రపోయింది. గూడ్సు వచ్చినా లేవదేమో అన్నంత నిద్ర.

చక్రం ఎక్కించాక నేను నట్లు బిగించే గాలి గన్ను అందుకోబోతే చేతి మీద కొట్టాడు. "దాంతో టకటకా బిగిత్తే ఒక నట్టు రాయి, ఒక నట్టు దూది. పీట మళ్లీ వొంకర."

"నా బండి నానే బిగిత్తాను" అని అత్త ఆయన చేతిలోని, సరిపడా బిగువు రాగానే టక్కుమనే కొలత రెంచి లాక్కుంది. పక్కపక్క నట్లు కాకుండా ఎదురెదురు నట్లు, కొద్దికొద్దిగా, రెంచి టక్కుమనేదాకా. చేపల తట్ట ముప్పై ఏళ్లు మోసిన భుజాలవి. రెంచి టక్కుమన్నాక కూడా ఆగకపోతే జలీల్ భాయ్, "బస్ సెల్లెమ్మా బస్, బోల్టు తెంపీకు!" అని మొత్తుకున్నాడు. వారం రోజులు మెత్తగా తోలమని, ఎక్కడా సడెన్ బ్రేకు వెయ్యొద్దని చెప్పి పంపాడు.

అమావాస్య వచ్చింది. మధురవాడ నుంచి మేం తిరిగొచ్చేసరికి ఒడ్డున పేటంతా ఉంది. అర్జునరావు మావ ఉతికిన చొక్కా తొడుక్కుని, చేతిలో నిండు బిందెతో ఎదురొచ్చాడు. మా గుట్టు ఎవరో చేరవేసినట్టున్నారు. ఆ ఎవరో నేను కాదు. నాగమణికి చెప్పాను, అంతే.

"ముందు గంగమ్మకి మొక్కు. మద్దేనం పొయ్యాలి కదా. పోసీ ఎల్దాం" అన్నాడు.

అత్త తలుపు తీసుకుని దిగింది. "పొద్దున్న సేపలెక్కించకముందే పోసీసినాను బావా. సక్రాలు సల్లగున్నప్పుడు. పసుపెట్టి, ఆనక కుళాయి నీళ్లతో కడిగినాను. ఏడి బండికి నీళ్లు పొయ్యను."

"ఆచారం మారుత్తావేటి? ఇన్నారా! గంగమ్మ నీళ్లు వొద్దంటంది!"

జనంలో గుసగుస లేచింది. ఆ గుసగుస ఇంకాస్త పెరిగితే పందెం జరగకుండానే పోయేది. అప్పుడు పడవ నీడలో కూర్చున్న గంగాలమ్మ అవ్వ, మా పేటలో అందరికన్నా పెద్దది, కర్రతో ఇసకలో కొట్టింది.

"ఏట్రా అర్జునా నీ ఆచారం? మా అత్త పొద్దుగాలే పోసేది. మీ మొగోళ్లు తాగి తొంగుని మద్దేనం లెగిసి పోసీవోరు. అదే ఆచారమైపోయింది. కూకో కారులో!"

అవ్వ చెప్పింది నిజమో, అక్కడికక్కడ పుట్టించిందో ఇప్పటికీ తెలియదు. పుట్టించి ఉంటే మాత్రం ఈ పేటలో నాకన్నా గొప్పవాళ్లున్నారని మొదటిసారి ఒప్పుకుంటున్నాను.

ఆయన ముందు కూర్చున్నాడు, నేను నా పెట్టె మీద. అత్త రెండు చేతులూ స్టీరింగు మీద వేసి, గాజులు మణికట్టు దాకా జారనిచ్చింది. దాచుకోవడం ఏమీ లేదన్నట్టు. రుషికొండ దగ్గర రోడ్డు ఖాళీగా ఉంది, ఎడమవైపు సముద్రం కూడా ఆ రోజు మాట్లాడకుండా చూస్తోంది. అరవైలో ఒకసారి బ్రేకు తొక్కింది. ఏ చప్పుడూ లేదు. కారు తిప్పుకొచ్చి మళ్లీ దిగుడు పట్టింది. డెబ్బై. ఎనభై. అర్జునరావు మావ సీటు బెల్టును రెండు చేతులా పట్టుకున్నాడు. అత్త కాలు వేసింది.

ఘల్లు.

"మోగింది! మోగింది! తాళం తే!" అని ఆయన ఎగిరాడు.

అత్త మాత్రం కారు పక్కకు తీసి ఆపి, తన చేతులు కాదు, ఆయన నడుము చూసింది. మొలతాడుకి తాళాల గుత్తి వేలాడుతోంది. ఆటోది, ఇంటిది, వలల గదిది. ఇందాకటి ఎగురుడుకి ఇంకా ఊగుతోంది.

"బావా, నీ మొల గుత్తి తీసి తాతబాబుకియ్యి."

"నాదెందుకియ్యాల?"

"నా గాజులు తియ్యమని నువ్వడగలేదు, నువ్వడిగినా నాను తియ్యను. నీ గుత్తి తియ్యమని నానడుగుతున్నాను."

గుత్తి నా చేతికొచ్చింది, గుప్పెట్లో బిగించాను. మూడోసారి దిగుడు. ఈసారి ఎనభై ఐదు. బ్రేకు మీద కాలు పడింది. కారు ముక్కు వంచి, బుద్ధిగా, తిన్నగా, నెమ్మదించి ఆగింది. పన్నెండు గాజులూ ఒకదాన్నొకటి ఆనుకుని పడుకున్నాయి. కొసమెరుపు కోసం చెప్పడం లేదు, నిజంగానే కారులో వినిపించింది ఒక్కటే, అర్జునరావు మావ గుటక.

"టైర్లు మంచిగున్నాయి" అన్నాడు.

"టైర్లు పాతవే బావా."

ఒడ్డుకొచ్చాక అందరూ ఆయన చుట్టూ మూగి ఏమైందని అడిగారు. ఆయన ఏమీ చెప్పలేదు. పందెం అదే కదా. పదకొండు రోజులు నోరు తెరవలేదు. పేట కుక్కలు కంగారుపడి ఇంటి ముందుకొచ్చి చూసి వెళ్లాయి. పన్నెండో రోజున ఆటో స్టాండులో, "అయినా ఆడోళ్లకి కారెందుకు" అని ఎవరితోనో మొదలుపెట్టాడు.

సరిగ్గా అప్పుడే మేం నాలుగు పెట్టెల చేపలతో అటు పోతున్నాం. అత్త బ్రేకు వేసి, ఆయన పక్కనే కారు ఆపింది. గాజులు కదల్లేదు. అద్దం దించి కుడిచెయ్యి బయట పెట్టి, ఆయన మొహం ముందు ఘల్లుఘల్లుమని తనే ఊపింది.

"ఇన్నావా బావా?" అని, గేరు వేసి మధురవాడ వైపు పోనిచ్చింది.